రోడ్ బైక్‌కి సస్పెన్షన్ అవసరమా? షాక్‌స్టాప్ స్టెమ్ వాడాక నా అభిప్రాయం

చేతులకు తగిలే దెబ్బల్ని మెత్తబరిచే స్టెమ్ (హ్యాండిల్‌ని పట్టి ఉంచే ముక్క) ఒకటుంది, రెడ్‌షిఫ్ట్ కంపెనీ వాళ్ల షాక్‌స్టాప్. దాన్ని నా రోడ్ బైక్‌కి, అంటే సన్నటి టైర్లు, వంపు హ్యాండిల్ ఉన్న సైకిల్‌కి బిగించాక ఒక వానాకాలం, ఒక ఎండాకాలం గడిచాయి. తీసేసే ఆలోచన లేదు. అయినా "మేడమ్, నేనూ కొనేదా?" అని అడిగినవాళ్లలో చాలామందికి ముందు టైర్లు మార్చుకోమనే చెబుతున్నాను. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు రోడ్ బైక్ తొక్కేవాళ్లు ఇప్పుడిప్పుడే పెరుగుతున్నారు. వాళ్లు చదివేదంతా నున్నటి రోడ్ల మీద తొక్కేవాళ్లు రాసింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరంలో ఉంటాను. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. బరువు 56 కిలోలు. బైక్ డెకాథ్లాన్ ట్రైబన్ ఆర్‌సీ 500: అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులు, వెనక 9 గేర్లు. రేసులకు వెళ్లను. వారం మధ్యలో నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లి రావడం, ఆదివారం భోగాపురం వైపో, ఎస్.కోట వైపో కాస్త దూరం, సెలవులొస్తే కళింగపట్నం దాకా. నా ఇబ్బంది కాళ్లది కాదు, చేతులది. కుడిచేతి ఉంగరం వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కేవి. సోమవారం మొదటి పీరియడ్‌లో సుద్దముక్క పట్టుకుంటే పట్టు తెలిసేది కాదు. అరచేతి అంచు కింద అల్నార్ నాడి ఒకటి పోతుంది. హ్యాండిల్ మీద బరువు వేసి గంటల తరబడి అదురు తింటూ కూర్చుంటే అది నొక్కుకుపోతుంది. సైకిల్ తొక్కేవాళ్లలో ఇది తెలిసిన సమస్యే, నిర్లక్ష్యం చేస్తే వేళ్లలో బలం కూడా తగ్గుతుంది. కొత్త హ్యాండిల్ టేపు, జెల్ గ్లోవ్స్, సీటు వంపు మార్చడం అన్నీ అయ్యాకే ఈ స్టెమ్ దాకా వచ్చాను.

హ్యాండిల్ బార్‌ని ఫోర్కు గొట్టానికి కలిపే పొట్టి ముక్కే స్టెమ్. మామూలుది ఒకే అల్యూమినియం దిమ్మ. దీనికైతే ఫోర్కు గొట్టం వైపు బేరింగులతో ఒక కీలు ఉంది. లోపల రబ్బరు లాంటి ఎలాస్టోమర్ ముక్కలు కూర్చుని ఉంటాయి. రోడ్డు మీద దెబ్బ తగలగానే హ్యాండిల్ ఆ కీలు మీద కిందికి ఒరుగుతుంది, ఎలాస్టోమర్ నలుగుతుంది, మళ్లీ పైకి లేస్తుంది. గరిష్ఠంగా 20 మి.మీ. దాకా కదులుతుందని కంపెనీ మాట. పెట్టెలో గట్టిదనం తేడాగా ఉన్న ముక్కలు, ఒక్కోదాని మీద అంకె, మన బరువునీ కూర్చునే తీరునీ బట్టి ఏవి వేసుకోవాలో చెప్పే పట్టిక ఉంటాయి. నాకు మెత్తటివి సరిపోయాయి. దిగుమతి సుంకాలూ అవీ కలిపి 15 వేలు దాటింది. స్టెమ్‌కి అది పెద్ద డబ్బే.

బిగించింది విజయనగరం కోట దగ్గర నేను ఎప్పుడూ వెళ్లే చిన్న షాపులో. ఆ మెకానిక్‌ని బాబాయ్ అంటాను. నలభై ఏళ్లుగా హీరోలు, అట్లాసులు విప్పి బిగించిన చేతులు ఆయనవి. బిగించాక హ్యాండిల్‌కి ముందు బ్రేకు లివర్లు ఉండే కొమ్ముల మీద రెండు అరచేతులూ పెట్టి నొక్కి చూసి, "ఏటమ్మా, స్టెమ్ము ఊగుతున్నాది? లూజున్నాది" అన్నాడు. "లూజు కాదు బాబాయ్, దాని పనే అది" అన్నాను. నమ్మలేదు. మళ్లీ విప్పి, ఎలాస్టోమర్ ముక్క బయటికి తీసి, బొటనవేలి గోటితో నొక్కి, వెలుతురుకి పట్టి చూశాడు. బొటనవేలంత లావు కూడా లేదు. "ఇంతేనా! ఆయిలు లేదు, గాలి లేదు. ఇదైతే నేను చూసుకోగలను" అన్నాడు.

ఆ మాట నాకు కంపెనీ చెప్పే 20 మి.మీ. కన్నా ముఖ్యం. సీళ్లు, ఆయిలు, గాలి పంపు ఉన్న సస్పెన్షన్‌కి సర్వీసు కావాలి. దానికోసం మనం విశాఖపట్నమో, ఇంకా దూరమో పోవాలి. దీనికి ఒక ఆలెన్ కీ, గుడ్డ ముక్క చాలు. బోల్టుల బిగింపు మాత్రం చేతి అంచనాకి వదలొద్దు. ఎంత బిగించామో కొలిచే టార్క్ రెంచ్‌తో, స్టెమ్ మీద రాసిన లెక్కకే బిగించాలి. నేను సొంత రెంచ్ పట్టుకెళ్లాను. ఇప్పుడు అది ఎక్కువగా బాబాయ్ దగ్గరే ఉంటోంది.

ఇక రోడ్లు. హైవే సంగతి ఒక్క ముక్కలో అయిపోతుంది. భోగాపురం నుంచి రణస్థలం మీదుగా శ్రీకాకుళం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఈ స్టెమ్ ఉన్నట్టే తెలియదు. జంక్షన్ల ముందు వేసే రంబుల్ స్ట్రిప్పుల దగ్గర మాత్రం చేతులకు అందే దడదడ సగానికి తగ్గినట్టుంటుంది.

అసలు పరీక్ష రామతీర్థం రోడ్డు లాంటి చోట. అతుకు మీద అతుకు వేసిన తారు, పైపు కోసం తవ్వి పూడ్చిన గాడులు, ఊరు మొదట్లో ఒకటి, చివర ఒకటి రంగు వెలిసిపోయిన స్పీడ్ బ్రేకర్లు. ఊళ్ల మధ్య సీసీ రోడ్డయితే పలకకీ పలకకీ మధ్య అతుకు దగ్గర టక్కు టక్కుమని ఒకే లయలో తగులుతుంది. వేళ్లు తిమ్మిరెక్కించేది పెద్ద గొయ్యి కాదు, ఆగకుండా వచ్చే ఈ చిన్న దెబ్బలే. పెద్ద గొయ్యి కనిపిస్తే తప్పిస్తాం, లేదా సీటు మీంచి లేస్తాం. చిన్నవాటికి ఎవరూ లేవరు. స్టెమ్ బాగా పనిచేసేది వాటి మీదే. రామతీర్థం వెళ్లొచ్చాక ఇప్పుడు వేళ్లు మామూలుగా ఉంటున్నాయి. నా మట్టుకు 15 వేలకూ అక్కడే న్యాయం జరిగింది.

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లేటప్పుడు ఇంకో సంగతి గమనించాను. కంకర పైకి తేలిన గరుకు తారు మీద సన్నటి కంపనం నిరంతరం వస్తుంది. దాన్ని ఈ స్టెమ్ పెద్దగా ఆపలేదు. ఎలాస్టోమర్ నలగాలంటే కాస్త బలమైన తోపు కావాలి. ఆ సన్న అదురు తినాల్సింది టైరు. పైగా కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యమో, చోళ్లో పరిచి ఉంటాయి. అంచున జారకుండా పోవాలన్నా పని టైరుదే. అక్కడ ఏ స్ప్రింగూ సాయం రాదు.

ఘాట్ మీద, ఎస్.కోట దాటి అనంతగిరి ఎక్కేటప్పుడు సీటు మీద కూర్చుని తొక్కితే తేడా లేదు. నిలబడి హ్యాండిల్ లాగుతూ తొక్కితే ముందుభాగం కొద్దిగా కుంగుతుంది. దీన్ని ఈ ఒక్క స్టెమ్ లోపంగా చూడను. నలిగేది ఏదైనా మన బరువుకీ నలుగుతుంది. మొదటి వారం వింతగా ఉంది, తర్వాత అలవాటైంది. దిగేటప్పుడు గట్టిగా బ్రేకు పడితే ఒంటి బరువంతా చేతుల మీదికి వచ్చి హ్యాండిల్ ఇంకాస్త దిగుతుంది, దానికి సిద్ధంగా ఉండాలి. దానికి బదులు, మలుపుల్లో పట్టు వదులు కాదు, కిందికి చేరేసరికి మణికట్లు నొప్పెట్టవు. డిసెంబరు తెల్లవారుజామున కొండ మీద ఎలాస్టోమర్ కాస్త గట్టిపడినట్టనిపించింది. చలికి అలా కావడం దాని స్వభావం. మన కింది ఊళ్లలో ఆ బాధ ఎలాగూ లేదు.

ఇంత మెచ్చుకుని కూడా టైర్లే ముందు అనడానికి కారణం చెప్పాలి. గొయ్యి తగిలినప్పుడు ఏది కదులుతుంది, ఏది కదలదు అన్నదే సస్పెన్షన్ లెక్క. టైరులో గాలి తక్కువగా ఉంటే రాయి తగిలిన చోట టైరు ఒక్కటే లోపలికి వంగుతుంది. చక్రం, ఫ్రేము, మనిషి దాదాపు నిమ్మళంగా ముందుకు పోతారు. స్టెమ్‌లో సస్పెన్షన్ ఉంటే చక్రమూ ఫోర్కూ ఫ్రేమూ అన్నీ ఎగిరిపడ్డాకే ఆ దెబ్బ మన చేతుల దగ్గర మెత్తబడుతుంది. ఆర్టీసీ బస్సులో సీటు కింద దిండు వేసుకోవడం ఎలాగో ఇదీ అలాగే: మన నడుముకి సుఖం, బస్సు ఎగరడం మాత్రం ఆగదు. కాబట్టి ఇలాంటి స్టెమ్ హాయినిస్తుంది, వేగాన్నివ్వదు. టైరు రెండూ ఇస్తుంది. గరుకు రోడ్డు మీద గట్టి టైరుతో పోతే ఒళ్లంతా అదిరి, తొక్కిన శక్తిలో కొంత మన కండల్లోనే వేడిగా పోతుంది. గాలి తగ్గిస్తే ఆ నష్టం తగ్గుతుంది. టైరు రాయిలా ఉంటేనే వేగమన్న పాత నమ్మకం మన రోడ్లకు చెల్లదు.

నా బైక్‌కి వచ్చిన 28 మి.మీ. టైర్లు తీసి 32 మి.మీ.వి వేశాను. గాలి ఒత్తిడి ముందు 48, వెనక 52 పీఎస్ఐ. రెండు టైర్లకీ కలిపి స్టెమ్ ఖరీదులో మూడో వంతు కూడా కాలేదు. 28 మి.మీ. టైరుకి 80 పీఎస్ఐ కొట్టించుకుని తొక్కేవాళ్లు మా వైపు ఇంకా ఉన్నారు. దయచేసి ఒక్కసారి తగ్గించి చూడండి. మీ బరువు 75 కిలోలుంటే నా అంకెలు మీకు పనికిరావు, ఇంకాస్త పెంచాలి. మరీ తగ్గిస్తే గోతి అంచుకీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి రెండు చిల్లులు పడతాయి, ఆ హద్దు ఎవరికి వారు కనుక్కోవాల్సిందే.

అసలు సైకిల్‌కి వచ్చిన మొదటి మంచి సస్పెన్షన్ గాలి టైరే. బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్ తన కొడుకు మూడుచక్రాల బండి కోసం దీన్ని మొదలుపెట్టి 1888లో పేటెంటు తీసుకున్నాడు. స్ప్రింగులు, రబ్బర్ల ప్రయోగాలు ఆ తర్వాత ఎన్నో వచ్చాయి. రాళ్లు పరిచిన దారుల మీద జరిగే ప్యారిస్-రూబే రేసులో 1992, 1993 రెండేళ్లూ జిల్బెర్ డ్యూక్లో-లాసాల్ ముందు చక్రానికి రాక్‌షాక్స్ కంపెనీ సస్పెన్షన్ ఫోర్కు పెట్టుకుని గెలిచాడు. రెండోసారి గెలిచేనాటికి ఆయన వయసు 38. 1994లో యోహాన్ ముసేవ్ రెండు చక్రాలకూ సస్పెన్షన్ ఉన్న బియాంకీ సైకిల్‌తో దిగాడు, గెలవలేదు. కొన్నేళ్లకి ఆ ఫోర్కులు రోడ్ రేసుల నుంచి కనుమరుగయ్యాయి. బరువు ఎక్కువ, పనికొచ్చేది ఆ ఒక్క రేసులోనే. తర్వాత సైకిల్ కంపెనీల్లో ట్రెక్ 2012లో డొమానే ఫ్రేములో సీటు గొట్టం వంగే ఏర్పాటు తెచ్చింది. స్పెషలైజ్డ్ 2016లో రూబే బైక్‌కి హ్యాండిల్ కింద 20 మి.మీ. కదిలే ఫ్యూచర్ షాక్ పెట్టింది. ఆ వరస బైక్ మీదే ఫిలిప్ జిల్బెర్ 2019లో ప్యారిస్-రూబే గెలిచాడు. కాబట్టి రోడ్ బైక్‌కి సస్పెన్షన్ అంటే అపచారమన్నట్టు మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను. అయితే అదే కాలంలో ఆ రేసులో టైర్లు కూడా 30, 32 మి.మీ. దాకా లావెక్కాయన్నది మరిచిపోవద్దు.

సీటు కింద సస్పెన్షన్ గురించి కూడా అడుగుతున్నారు. ఆన్‌లైన్లో చవగ్గా దొరికే, గొట్టంలో గొట్టం దిగే రకం సీట్ పోస్టు ఒకటి వాడాను. పేరు చెప్పను, అన్నీ ఇంచుమించు ఒకటే. కూర్చోగానే సీటు కిందికి దిగుతుంది, అంటే పెడల్‌కీ సీటుకీ దూరం తొక్కినంతసేపూ మారుతూనే ఉంటుంది. మోకాళ్లకు అది మంచిది కాదు. వానలయ్యేసరికి లోపలి గ్రీజు కొట్టుకుపోయి సీటు కుడి ఎడమలకు ఆడడం మొదలైంది. తీసేశాను. వెనక 32 మి.మీ. టైరు చాలు.

దీనికన్నా నాకు బాధ కలిగించే విషయం ఇంకొకటుంది. మా స్కూల్ పిల్లలు మారాం చేసి కొనిపించుకునే "గేర్ సైకిళ్లు". ముందు లావుపాటి స్ప్రింగు ఫోర్కు చూసి మోజుపడతారు. ఒక్క ఫోర్కే రెండు కిలోల పైన తూగుతుంది. ఆరు నెలలకి తుప్పుపట్టి బిగుసుకుపోతుంది. ఆపైన అది సస్పెన్షన్ కాదు, ఉత్త బరువు. నెల్లిమర్ల నుంచి ఎదురుగాలిలో పిల్ల దాన్ని నెట్టుకుంటూ వస్తుంటే చూడలేం. తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే, ముందు స్ప్రింగు లేని, కాస్త లావు టైర్ల సైకిల్ కొనివ్వండి. అదే డబ్బుకి మంచి బ్రేకులు వస్తాయి.

బ్రేకులంటే గుర్తొచ్చింది. కొత్తగా వచ్చినవాటిలో రోడ్ బైక్‌కి తిరుగులేకుండా పనికొచ్చింది డిస్క్ బ్రేకే అని నా నమ్మకం. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ మాత్రం 2016లో ప్యారిస్-రూబేలో ఒక రైడర్‌కి గాయమయ్యాక రేసుల్లో డిస్క్ బ్రేకుల ప్రయోగం ఆపేసి, 2018లోగానీ పూర్తిగా అనుమతించలేదు. రేసుల గొడవ ఎలా ఉన్నా, ఆగస్టులో అనంతగిరి నుంచి వానలో దిగినవాళ్లకి ఈ చర్చే అక్కర్లేదు. రిమ్ బ్రేకు తడిసిన రిమ్మును ముందు తుడిచి, ఆ తర్వాత పడుతుంది. డిస్క్ వెంటనే పడుతుంది. కేబుల్ డిస్కా, హైడ్రాలికా అంటే, మన ఊళ్లకి కేబులే నా ఓటు. హైడ్రాలిక్ బాగా పడుతుంది, కాదనను. కానీ షిమానో కంపెనీ బ్రేకులకి మినరల్ ఆయిల్, శ్రామ్ కంపెనీవాటిలో ఎక్కువ బ్రేకులకి డాట్ అనే బ్రేకు ద్రవం. ఒకదాని చోట ఇంకోటి పోస్తే సీళ్లు పాడవుతాయి. గాలి బుడగలు తీయడం తెలిసినవాళ్లు మీ ఊళ్లో ఉంటేనే ఆ వైపు వెళ్లండి.

ఎలక్ట్రానిక్ గేర్లు (కేబుల్ బదులు బ్యాటరీతో మారేవి) సంక్రాంతికి చూశాను. మా అన్నయ్య కొడుకు బెంగళూరు నుంచి తన బైక్ కారులో వేసుకుని వచ్చాడు. "అత్తా, ఒకసారి తొక్కి చూడు, మళ్లీ కేబుల్ ముట్టుకోవు" అన్నాడు. నిజంగా బాగున్నాయి. వేలు తాకితే చాలు, ఎక్కుడులో బరువు మీద ఉన్నా చైను తడబడకుండా మారుతుంది. వేళ్లు తిమ్మిరెక్కే మనిషిగా ఆ తేలిక స్పర్శ విలువ నాకు తెలుసు. ఒకసారి ఛార్జి చేస్తే వెయ్యి కిలోమీటర్లు వస్తుందట. మరి కిందపడి వెనక గేరు యంత్రం వంగితే? వాడి దగ్గర జవాబుంది, బెంగళూరులో షాపుంది. నా దగ్గర లేదు. నా కేబుల్ తెగితే కోట దగ్గర అరగంటలో, రెండు వందల రూపాయల లోపు పనయిపోతుంది. "ఒరే, నువ్వు ఇక్కడికి బదిలీ అయి వస్తే అప్పుడు మాట్లాడదాం" అన్నాను.

ట్యూబ్‌లెస్ మీద నాది సగం మనసే. తుమ్మముళ్ల రోడ్ల మీద టైరు లోపల పోసే సీలెంట్ ద్రవం చిన్న చిల్లుల్ని దానంతట అదే పూడ్చేస్తుంది, గాలి ఇంకా తగ్గించుకోవచ్చు. అయితే మన వేడికి సీలెంట్ త్వరగా ఎండుతుంది, చూసి పోసుకుంటుండాలి. అంచు కొక్కెం లేని హుక్‌లెస్ రిమ్ములైతే రోడ్ టైరుకి 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ మించి కొట్టకూడదు. ఈ సంగతి తెలియని పంక్చర్ షాపులో గాలి కొట్టించుకోవడం ప్రమాదం.

ఇవన్నీ దాటి స్టెమ్ ఎవరు కొనాలంటే: ఇప్పటికే 32 టైర్లు వేసి, గాలి సరిచూసుకుని, కూర్చునే తీరు సరిదిద్దుకుని, అయినా చేతులు, మెడ, భుజాలు బాధపెడుతున్నవాళ్లు. యాభై దాటినవాళ్లు, మణికట్టు దెబ్బ తిన్నవాళ్లు మొహమాటపడకుండా కొనండి. 25 ఏళ్ల కుర్రాళ్లు, నిలబడి స్ప్రింట్ కొట్టేవాళ్లు ఆ డబ్బు వేరేచోట పెట్టండి.

కొనేటప్పుడు పాత స్టెమ్ పొడవు కొలిచి అంతే పొడవుది తీసుకోండి. చేతులు వేయగానే హ్యాండిల్ కొన్ని మి.మీ. దిగుతుంది కాబట్టి బిగించేటప్పుడు బ్రేకు కొమ్ముల్ని ఒక పిసరు పైకి తిప్పి పెట్టండి. పట్టికలో మీ బరువుకి రెండు జతలు సరిపోతాయనిపిస్తే మెత్తటిదానితో మొదలుపెట్టండి. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడు అడుగుకి తగిలిన శబ్దం వస్తే ఒక అంకె గట్టి ముక్క వేయండి. చింతపల్లి, కళింగపట్నం లాంటి తీరానికి వెళ్లొచ్చిన రోజు ఉప్పుగాలి పట్టిన బోల్టుల్ని తడిగుడ్డతో తుడిచి, నెలకోసారి స్టెమ్ మూత విప్పి లోపలి దుమ్ము తీయండి.